అణువు గుండా కరెంటు: నిరోధం ఎక్కడుంది?

ఏ లోపమూ లేని తీగకు నిరోధం ఎంత? ఇంటర్ చదివిన వాళ్లెవరైనా సున్నా అంటారు. దారిలో ఎలక్ట్రాన్ దేన్నీ ఢీకొనకపోతే నిరోధం పుట్టడానికి కారణమే లేదు కదా. కానీ ఒకే ఒక్క ఎలక్ట్రాన్ తరంగానికి చోటుండేంత సన్నటి తీగ తీసుకుని, అందులో మలినమన్నది లేకుండా చేసి, రెండు చివర్లా లోహపు కాంటాక్టులు పెట్టి కొలిస్తే 12,906 ఓమ్‌ల నిరోధం కనిపిస్తుంది. తీగ బంగారంతో చేసినా గాలియం ఆర్సెనైడ్‌తో చేసినా అంతే. పొడవు తగ్గించినా అంతే. ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గాన్ని రెట్టింపు చేసి ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే 77.5 మైక్రో సీమెన్‌ల వాహకత్వం వస్తుంది; దాని విలోమమే ఈ అంకె. పదార్థం పేరు ఇందులో ఎక్కడా లేదు.

అణువుల గుండా, నానోమీటర్ల కొలతలున్న పరికరాల గుండా కరెంటు ఎలా పారుతుందో చెప్పే శాస్త్రమంతటినీ ఈ అంకెతోనే మొదలుపెట్టవచ్చు. తీగలో అడ్డంకి ఏదీ లేనప్పుడు నిరోధం ఎక్కడుంది? తీగ కాంటాక్టును కలిసే చోట ఉంది. చెప్పడానికి ఇది చిన్న వాక్యం. సిద్ధాంతవేత్తలు దీన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అణు ఎలక్ట్రానిక్స్‌లో ఆ తర్వాత జరిగిన పొరపాట్లు చాలా వరకు ఈ సంగతిని పక్కన పెట్టినందువల్ల జరిగినవేనని, నిలబడిన ఫలితాలు దీన్ని గట్టిగా పట్టుకున్నందువల్ల వచ్చినవని నా అభిప్రాయం. ఆ రంగాన్ని ఇక్కడ ఈ కోణం నుంచే చూస్తున్నాను.

పాత చిత్రం ఎక్కడిదాకా పనిచేస్తుంది

గియోర్గ్ ఓమ్ తన సూత్రాన్ని 1827లో ప్రచురించాడు. ఎలక్ట్రాన్ బయటపడ్డ మూడేళ్లకు, 1900లో, పాల్ డ్రూడ్ ఆ సూత్రానికి కారణం చూపాడు. లోహంలో ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకూ పరుగెడుతుంటాయి. విద్యుత్ క్షేత్రం వాటిని ఒక వైపు నెడుతుంది. ఢీకొన్న ప్రతిసారీ ఆ నెట్టుడు వల్ల వచ్చిన వేగం పోతుంది. సగటున మిగిలే నెమ్మది జరుగుబాటే డ్రిఫ్ట్ వేగం. మన ఇంటర్ రెండో ఏడు భౌతికశాస్త్రం ఇప్పటికీ నేర్పేది ఇదే. రాగి తీగలో కరెంటును మోసే ఎలక్ట్రాన్ నిజానికి సెకనుకు 15 లక్షల మీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది. డ్రిఫ్ట్ వేగం మాత్రం ఇళ్లలో వాడే కరెంటుకు సెకనుకు ఒక మిల్లీమీటరైనా ఉండదు.

ఇంటి వైరింగుకూ, ట్రాన్స్‌ఫార్మర్‌కూ, మోటారుకూ ఈ లెక్క చాలు. అది ఎక్కడ చాలదో కూడా దానిలోనే రాసి ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర రాగిలో ఒక ఎలక్ట్రాన్ రెండు ఢీల మధ్య పోయే సగటు దూరం సుమారు 40 నానోమీటర్లు. తీగ పొడవు పది నానోమీటర్లే అయితే ఎలక్ట్రాన్ చాలాసార్లు దేన్నీ తాకకుండానే ఆ కొసకు చేరుతుంది. అలాంటప్పుడు సగటు ఢీలు, డ్రిఫ్ట్ వేగం అనే మాటలకు అర్థం లేదు. పైగా ఎలక్ట్రాన్ తరంగం కూడా కనుక, దారి దాని తరంగదైర్ఘ్యమంత ఇరుకైనప్పుడు పూర్తిగా వేరే లెక్కలు వస్తాయి.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన విషయం అనుకోనక్కర లేదు. ఈ శతాబ్దం మొదటి దశకానికల్లా ప్రాసెసర్ చిప్‌లలోని ట్రాన్సిస్టర్లలో గేటు కింద ఉండే సిలికాన్ డయాక్సైడ్ పొర 1.2 నానోమీటర్లకు పలచబడింది. అంటే పట్టుమని కొన్ని పరమాణువుల మందం. విద్యుత్ బంధకం అని వేసిన ఆ పొర గుండా ఎలక్ట్రాన్లు టన్నెలింగ్‌తో, అంటే అడ్డును దాటేంత శక్తి లేకున్నా తరంగ గుణంతో అవతలికి చేరుతూ, కారిపోసాగాయి. చివరికి 2007లో ఇంటెల్ ఆ పొరను హాఫ్నియం ఆధారిత పదార్థంతో మార్చింది. అది ఎక్కువ మందం వేసినా గేటు పట్టు తగ్గనివ్వని పదార్థం. మనం చేతిలో పట్టుకునే ఫోన్లలోని ప్రతి ట్రాన్సిస్టరూ ఈ పోరాటం తర్వాత వచ్చిందే.

ల్యాండవర్ అడిగిన ప్రశ్న

ఐబీఎంలో పనిచేసిన రోల్ఫ్ ల్యాండవర్ 1957లో లెక్కను తలకిందులు చేశాడు. క్షేత్రం ఉంటే దానికి ఎంత కరెంటు వస్తుందని అడగడం మానేసి, ఒక వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ తరంగంలో ఎంత భాగం అవతలికి పోతుంది, ఎంత వెనక్కి తిరుగుతుంది అని అడిగాడు. వాహకత్వమంటే ప్రసరణ సంభావ్యత. ఆయన మొదటి సూత్రంలో నూటికి నూరు పాళ్లు ప్రసరించే తీగకు నిరోధం సున్నా అనే వచ్చింది. 1980లలో ఇంకో సూత్రం ముందుకొచ్చింది. దాని ప్రకారం అదే తీగకు 12,906 ఓమ్‌లు. ఏది సరైనది? దీని మీద ఆ దశకంలో పెద్ద చర్చే నడిచింది. యోసెఫ్ ఇమ్రీ, మార్కస్ బ్యూటికర్ వంటి వారి కృషితో తేలిందేమిటంటే, రెండూ సరైనవే, కొలిచే చోట్లు వేరు. తీగ లోపలి రెండు బిందువుల మధ్య కొలిస్తే సున్నా. కాంటాక్టుల నుంచి కొలిస్తే 12,906. లెక్కలేనన్ని తరంగాలున్న వెడల్పాటి లోహం నుంచి ఒకే తరంగానికి చోటున్న సందులోకి దూరేటప్పుడు పడే నిరోధం అది.

ప్రయోగం దీన్ని రెండు విడతలుగా తేల్చింది. 1988లో డెల్ఫ్ట్, ఫిలిప్స్ పరిశోధకుల బృందం ఒకటి, కేంబ్రిడ్జి బృందం ఒకటి విడివిడిగా గాలియం ఆర్సెనైడ్ పొరలో ఒక ఇరుకు సందు చేసి, దాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేస్తూ వాహకత్వం కొలిచాయి. అది నున్నగా పెరగలేదు. 77.5 మైక్రో సీమెన్‌ల చొప్పున మెట్లు మెట్లుగా పెరిగింది. సందులో ఇంకో తరంగానికి చోటు దొరికినప్పుడల్లా ఒక మెట్టు. రెండో విడత 2001లో వచ్చింది. నాలుగు టెర్మినళ్లతో, అంటే కరెంటును పంపే కాంటాక్టులు వేరు, వోల్టేజీ చూసే కాంటాక్టులు వేరుగా పెట్టి, అలాంటి తీగ లోపలి నిరోధం కొలిస్తే సున్నా వచ్చింది. ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, విద్యార్థికి సగం విషయం తెలిసిపోతుంది.

నిరోధం కాంటాక్టుల దగ్గర ఉన్నట్టే వేడి పుట్టేదీ అక్కడే. ఎలక్ట్రాన్ తన అదనపు శక్తిని మోసుకుంటూ సందు దాటి, అవతలి లోహంలోకి చేరాక పోగొట్టుకుంటుంది. సందు చల్లగానే ఉంటుంది. నిరోధం వల్ల పుట్టే వేడి నిరోధం ఉన్న వస్తువులోనే పుట్టాలని బల్లగుద్ది చెప్పే చదువుకు ఇది మింగుడుపడని సంగతి.

ఒక్క స్థాయితో లెక్క

ఇంతవరకూ చెప్పిందంతా ఒక్క అణువుకు ఎలా వర్తిస్తుందో సుప్రియో దత్తా కంటే బాగా విప్పి చెప్పినవారు నాకు తెలిసి లేరు. అస్సాంలో పుట్టి, ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా బోధిస్తున్న ఆయన వాదన ఇది: పెద్ద తీగతో మొదలుపెట్టి చిన్నదాని వైపు దిగిరావడం కష్టమైన దారి, అతి చిన్న వాహకంతో మొదలుపెట్టి పైకి పోతే ఓమ్ సూత్రం దానంతటదే వస్తుంది. 2005లో వచ్చిన ఆయన పుస్తకం క్వాంటం ట్రాన్స్‌పోర్ట్ ఉపశీర్షికే పరమాణువు నుంచి ట్రాన్సిస్టర్ దాకా అని అర్థం వచ్చేది. ఆయన ఉపన్యాసాలు నానోహబ్ అనే వేదిక మీద ఉచితంగా దొరుకుతాయి.

ఆ పద్ధతిలో అతి చిన్న వాహకమంటే ఒకే ఒక్క శక్తి స్థాయి. దానికి రెండు వైపులా రెండు లోహాలు. రెండు చెరువుల మధ్య ఒక తూము ఉందనుకోండి. బ్యాటరీ చేసే పనల్లా ఒక చెరువు నీటిమట్టం ఇంకోదాని కంటే పైన ఉండేట్టు చూడడం. తూము ఎత్తు ఆ రెండు మట్టాల మధ్య ఉంటే ఎగువ చెరువు దాన్ని నింపుతూ ఉంటుంది, దిగువ చెరువు ఖాళీ చేస్తూ ఉంటుంది, పారకం సాగుతుంది. తూము రెండు మట్టాలకూ పైన ఉంటే నీరే అందదు. ఇక్కడ నీటికీ ఎలక్ట్రాన్లకూ ఒక తేడా ఉంది: రెండు మట్టాలకూ అడుగున ఉన్న తూములో నీరు పారుతుంది కానీ, అలాంటి ఎలక్ట్రాన్ స్థాయిలో పారకం ఉండదు. రెండు లోహాలూ దాన్ని నింపే ఉంచుతాయి, ఒక స్థాయిలో పట్టే ఎలక్ట్రాన్లకు పౌలీ నియమం హద్దు పెట్టింది. కాబట్టి కరెంటు మోసేది రెండు మట్టాల మధ్య పడిన స్థాయిలే. అడుగున ఉన్న కోట్లాది ఎలక్ట్రాన్లకు అందులో పాత్ర లేదు. ఎలక్ట్రాన్లన్నీ కలిసి నెమ్మదిగా జరుగుతాయన్న డ్రూడ్ చిత్రానికి ఇది దూరం.

ఇక కాంటాక్టుల మాట. లోహానికీ అణువుకూ మధ్య బంధం గట్టిగా ఉంటే నింపడం, ఖాళీ చేయడం వేగంగా జరుగుతాయి, కరెంటు పెరగాలి. ఎంతదాకా? బంధం గట్టిపడే కొద్దీ ఆ స్థాయి ఒక గీతలా ఉండకుండా శక్తిలో వెడల్పుగా పరుచుకుంటుంది. పరుచుకున్న భాగంలో కొంత రెండు మట్టాల కిటికీ దాటి బయట పడుతుంది. వేగం పెరిగినందువల్ల వచ్చే లాభాన్ని ఈ పరుచుకోవడం తినేస్తుంది. ఈ రెంటినీ కలిపి లెక్క కడితే స్పిన్‌ను కూడా కలుపుకుని ఒక స్థాయి ఇవ్వగలిగే గరిష్ఠ వాహకత్వం తేలుతుంది: అదే 77.5 మైక్రో సీమెన్‌లు. ల్యాండవర్ తరంగాలతో చేరిన చోటికే ఇది ఇంకో దారిలో చేరింది. నా మటుకు నాకు ఈ రంగంలో ఇంతకన్నా అందమైన లెక్క కనపడదు.

నిజమైన అణువులో స్థాయిలు అనేకం, అవి ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి. అప్పుడు ప్రతి సంఖ్య స్థానంలోనూ ఒక మాత్రిక వస్తుంది. 1960లలో ష్వింగర్, కడనాఫ్, బేమ్, కెల్డిష్ వేరే సమస్యల కోసం కట్టిన నాన్-ఈక్విలిబ్రియం గ్రీన్ ఫంక్షన్ పద్ధతి ఇక్కడ పనికొచ్చింది. పేరు భయపెట్టినా అది చెప్పేది పైన చెప్పిందే: అణువు ఒకటి, కాంటాక్టులు రెండు, ఆ కాంటాక్టులు అణువు స్థాయిలను ఎంత కదిలిస్తాయి, ఎంత పరుస్తాయి.

అణువును పట్టుకోవడం

ఒక అణువును ఎలక్ట్రానిక్ భాగంగా వాడవచ్చని కాగితం మీద మొదట స్పష్టంగా చూపింది 1974లో ఏరీ అవిరామ్, మార్క్ రాట్నర్. ఎలక్ట్రాన్లను సులభంగా ఇచ్చే భాగం ఒక వైపు, తీసుకునే భాగం ఇంకో వైపు, మధ్యలో వాటిని వేరుగా ఉంచే వంతెన ఉన్న అణువు డయోడ్‌లా ఒకే దిశలో కరెంటును పోనిస్తుందని వారి లెక్క. అంతకు ముందే, 1971లో, హాన్స్ కూన్ బృందం కొవ్వు ఆమ్లాల ఒక్క అణువు మందం పొరల గుండా కరెంటును కొలిచి, గొలుసు పొడవు పెరిగే కొద్దీ వాహకత్వం ఘాతాంక రీతిలో తగ్గుతుందని చూపింది. ఒకే అణువును రెండు లోహాల మధ్య పట్టుకునే పనిముట్టు మాత్రం అప్పటికి లేదు. 1981లో జూరిక్ ఐబీఎంలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిక్ రోరర్ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు తయారు చేశాకే ఆ దారి తెరుచుకుంది.

1997లో యేల్‌లో మార్క్ రీడ్ బృందం, జేమ్స్ టూర్‌తో కలిసి, సన్నటి బంగారు తీగను వంచి తెంపి, ఆ పగులులో రెండు చివర్లా గంధకం ఉన్న బెంజీన్ అణువును నిలబెట్టింది. కొలిస్తే నిరోధం ఇరవై మెగా ఓమ్‌ల చుట్టుపక్కల వచ్చింది. మూడేళ్లకు వచ్చిన సైద్ధాంతిక లెక్క కరెంటు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలంది. 2004లో ఎన్.జె. టావో బృందం అదే అణువుకు వాహకత్వ క్వాంటంలో (పైన చెప్పిన 77.5 మైక్రో సీమెన్‌లలో) 0.011 వంతు చూసింది. అంటే 1.2 మెగా ఓమ్‌లకు దగ్గర. ఒకే అణువు, ఇన్ని అంకెలు. అణువు మారలేదు. గంధకం బంగారాన్ని ఒక పరమాణువు కొసన పట్టుకుందా, మూడు పరమాణువుల మధ్య గుంటలో కూర్చుందా, అసలు అక్కడున్నది ఒకే అణువా అన్నవి మారాయి.

ఈ చిక్కును విడదీసింది టావో పద్ధతే. 2003లో బింగ్‌చియన్ షూ, టావో కలిసి బంగారు సూదిని బంగారు ఉపరితలంలో గుచ్చి వెనక్కి లాగడం, అణువు చిక్కుకుని మళ్లీ తెగడం, ఇదంతా వేల సార్లు చేయించారు. లాగుతున్నప్పుడు వాహకత్వం ముందు ఒక క్వాంటం దగ్గర ఆగుతుంది. అది ఒకే బంగారు పరమాణువు వరకు సన్నబడ్డ కాంటాక్టు. అది తెగాక, అణువు ఉంటే ఇంకా కింద ఇంకో మెట్టు. ఒక్క కొలతను ఎవరూ నమ్మనక్కర లేదు. వేల కొలతల హిస్టోగ్రాంలో శిఖరం ఎక్కడుందో చూస్తే చాలు. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయంలో లతా వెంకటరామన్ బృందం గంధకం స్థానంలో అమీన్ గుంపు పెట్టింది. అమీన్ బంగారాన్ని వదులుగా, దాదాపు ఒకే తీరుగా పట్టుకుంటుంది. శిఖరాలు ఒక్కసారిగా పదునెక్కాయి. కాంటాక్టును క్రమబద్ధం చేస్తే అణువు తన గుణం తాను చెబుతుందని తేలింది.

ఆ ఏడాదే అదే బృందం చేసిన ఇంకో ప్రయోగాన్ని ఈ రంగంలో మలుపుగా లెక్కిస్తాను. రెండు బెంజీన్ వలయాలు కలిసిన అణువులను, వలయాల మధ్య కోణం తేడాగా ఉండేట్టు, వరుసగా తీసుకున్నారు. వలయాలు ఒకే తలంలో ఉన్నప్పుడు కరెంటు ఎక్కువ. మెలి తిరిగే కొద్దీ కోణపు కోసైన్ వర్గం ప్రకారం తగ్గుతూ వచ్చింది. రసాయన శాస్త్రం తరగతిలో పై (π) ఆర్బిటాళ్ల అతివ్యాప్తి అని బోర్డు మీద గీసే బొమ్మ ఇప్పుడు మీటరు మీద అంకెగా కనిపించింది.

అణువు నిజంగా అక్కడ ఉందా అన్న సందేహానికి లైడెన్‌లో 2002లో ఇంకో రకమైన జవాబు దొరికింది. రెండు ప్లాటినం కొసల మధ్య ఒక హైడ్రోజన్ అణువు పెడితే వాహకత్వం దాదాపు ఒక క్వాంటం వచ్చింది. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టారు. బరువు పెరిగినందుకు కంపన శక్తి ఎంత తగ్గాలో అంత తగ్గింది. కరెంటు వక్రరేఖలోనే అణువు కంపనం సంతకం ఉందన్నమాట.

పడిపోయిన మేడలు

2001 చివర్లో ఈ రంగం ఆకాశంలో ఉంది. అణువులతో, నానో తీగలతో కట్టిన సర్క్యూట్లను సైన్స్ పత్రిక ఆ ఏటి మేటి శాస్త్ర విజయంగా ప్రకటించింది. ఆ వెలుగులో కొంత బెల్ ల్యాబ్స్‌లోని యాన్ హెండ్రిక్ షోన్ ఫలితాల వల్ల వచ్చింది. ఒక్క అణువు మందం పొరతో ట్రాన్సిస్టర్ చేశానన్నాడు. వేరే వేరే ప్రయోగాల గ్రాఫుల్లో ఒకే నాయిజ్ కనపడిందని తోటి శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. మాల్కం బీస్లీ అధ్యక్షతన వేసిన కమిటీ 2002 సెప్టెంబరులో 24 ఆరోపణల్లో 16 రుజువయ్యాయని తేల్చింది. ఎన్నో ప్రయోగశాలలు ఆ లేని ఫలితాలను తిరిగి రాబట్టాలని నెలల తరబడి శ్రమపడ్డాయి. ఆ పరిశోధక విద్యార్థుల కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

షోన్ చేసింది మోసం. మిగతా పొరపాట్లు నిజాయితీగా జరిగినవి, నేర్చుకోవడానికి వాటిలోనే ఎక్కువ ఉంది. కొన్ని అణువులు కరెంటును ఉండుండి పోనిస్తూ ఆపేస్తూ స్విచ్‌లా ప్రవర్తిస్తున్నాయని కొన్ని బృందాలు చూశాయి; అణువు ఆకారం మారుతోందని వివరించారు. 2003లో అరిజోనాలో స్టువర్ట్ లిండ్సే బృందం, ఆకారం మారడానికి వీలే లేని సాదా ఆల్కేన్ గొలుసుల్లోనూ అదే చూపించింది. తెగి అతుక్కుంటున్నది బంగారం-గంధకం బంధం. స్విచ్ కాంటాక్టులో ఉంది.

ఇంకోటి హ్యూలెట్-ప్యాకార్డ్ కథ. అక్కడి స్టాన్ విలియమ్స్ బృందం రోటాక్సేన్ అనే, కదిలే వలయమున్న అణువుల పొరను రెండు లోహాల మధ్య పెట్టి మెమరీ చేయబోయింది. స్విచింగ్ బ్రహ్మాండంగా జరిగింది. 2004లో వాళ్లే పరిశీలిస్తే, స్విచ్ గుణమేమీ లేని స్టియరిక్ ఆమ్లం పెట్టినా దాదాపు అలాగే జరిగింది. పై ఎలక్ట్రోడులోని టైటానియం, దాని ఆక్సైడ్ ఆ పని చేస్తున్నాయని అర్థమయ్యే కొద్దీ, 1971లో లియోన్ చువా గణితంగా ఊహించిన మెమ్రిస్టర్, అంటే తన గుండా పోయిన కరెంటును గుర్తుంచుకునే నిరోధం, ఇదేనని వాళ్లు 2008లో ప్రకటించారు. అణువు ఓడిపోయింది, కానీ ఆ ఓటమిని దాచకుండా తవ్వినందుకు కొత్త పరికరం దొరికింది. షోన్ కథ పక్కన ఈ కథను ప్రతి విద్యార్థికీ చెప్పాలి.

ఇప్పుడు గట్టిగా తెలిసినవి

చిన్న అణువుల్లో కరెంటు టన్నెలింగ్ వల్ల పోతుంది. ఆల్కేన్ గొలుసుకు ఒక్క కార్బన్ చేర్చినా వాహకత్వం రెండున్నర, మూడు రెట్లు పడిపోతుంది. ఒంటి, జంట బంధాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే అణువుల్లో ఈ పతనం చాలా నెమ్మది. అణువు ఇంకా పొడవైతే వేరే కథ: 2008లో మిన్నెసోటాలో డాన్ ఫ్రిస్బీ బృందం అణు తీగను కొంచెం కొంచెం పెంచుతూ పోతే 4 నానోమీటర్ల దగ్గర పతనం ఒక్కసారిగా మందగించింది. అక్కడి నుంచి ఎలక్ట్రాన్ ఒక్క దూకులో దాటడం మాని, మధ్యలో ఆగుతూ గెంతుతూ పోతుంది. వేడి చేస్తే కరెంటు పెరిగింది, గెంతుడికి అది ఆనవాలు.

తరంగ గుణం ఇంకా వింతగా కనిపించేది బెంజీన్‌లో. ఎదురెదురు కార్బన్‌లకు తీగలు కలిపితే కరెంటు బాగా పోతుంది. ఒక కార్బన్ పక్కకు జరిపి మెటా స్థానంలో కలిపితే చాలా తగ్గిపోతుంది. వలయంలో రెండు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సమాంతరంగా రెండు దారులుంటే వాహకత్వాలు కూడుకుంటాయన్న కిర్కాఫ్ లెక్క ఇక్కడ చెల్లదు.

ఎలక్ట్రాన్లు అణువు నిండిన ఆర్బిటాళ్ల గుండా పోతున్నాయా ఖాళీ ఆర్బిటాళ్ల గుండా పోతున్నాయా? ఒక కాంటాక్టును కొంచెం వేడి చేసి వచ్చే వోల్టేజీ గుర్తు చూస్తే తెలుస్తుంది. 2007లో బర్క్‌లీలో ప్రమోద్ రెడ్డి, అరుణవ మజుందార్ తదితరులు రెండు చివర్లా గంధకం ఉన్న ఆ బెంజీన్ అణువుకే (బెంజీన్‌డైథయాల్‌కు) ఈ కొలత చేసి, నిండిన ఆర్బిటాళ్లే దారి అని చూపారు. కరెంటు అంకె ఒక్కటే ఇవ్వలేని సమాచారం అది.

సిద్ధాంతం కూడా సరిదిద్దుకుంది. డెన్సిటీ ఫంక్షనల్ పద్ధతితో అణువు స్థాయిలు లెక్కిస్తే నిండిన, ఖాళీ స్థాయిల మధ్య ఎడం అసలు కన్నా తక్కువ వస్తుంది. కనుక కరెంటు ఎక్కువ కనిపిస్తుంది. లోహం పక్కన చేరిన అణువు మీద ఎలక్ట్రాన్ కూర్చుంటే లోహంలో ప్రతిబింబ ఆవేశం పుట్టి ఆ స్థాయిని కదిలిస్తుంది; మామూలు లెక్కలో అది ఉండదు. 2007లో సూ యింగ్ క్వెక్, జెఫ్రీ నీటన్ తదితరులు బెంజీన్ డైఅమీన్‌కు ఈ రెంటినీ సరిచేశారు. ఏడు రెట్లు ఎక్కువ వస్తున్న లెక్క కొలతకు దగ్గరగా దిగింది. దిద్దినవాటిలో రెండోది మళ్లీ కాంటాక్టు సంగతే.

అవిరామ్, రాట్నర్ డయోడ్ ఏమైంది? డయోడ్‌లు వచ్చాయి, కానీ వాళ్లు ఊహించిన దారిలో కాదు. 2015లో వెంకటరామన్ బృందం రెండు వైపులా ఒకేలా ఉన్న అణువుతోనే, ద్రావణంలో అయాన్లుంచి, రెండు ఎలక్ట్రోడుల వైశాల్యం తేడా చేసి, 200 రెట్లకు పైగా దిశాభేదం సాధించింది. సింగపూర్‌లో క్రిస్టియన్ నైహుస్ బృందం 2017లో ఫెరోసీన్ అణువుల పొరతో దాన్ని లక్షల రెట్లకు తీసుకుపోయింది.

పనికొచ్చే చోట్లు

సిలికాన్‌ను అణువులు తోసేస్తాయన్న పాత ప్రచారాన్ని వదిలేయడమే మంచిది. కోట్లాది అణువులను ఒకే తీరుగా కాంటాక్టులకు అతికించే విద్య ఇంకా లేదు. అయితే అణువులు సిలికాన్ చేయలేని పని చేయగల చోట్లు ఉన్నాయి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో శ్రీతోష్ గోస్వామి బృందం 2024లో రుథేనియం సంక్లిష్ట అణువుల పొరతో చేసిన మెమ్రిస్టర్ 16 వేలకు పైగా వేర్వేరు వాహకత్వ స్థాయిలను నిలుపుకుంటుంది. మామూలు మెమరీ సెల్ రెండో, కొన్నో స్థాయిలతో సరిపెట్టుకుంటుంది. ఒకప్పుడు అణువులు విఫలమైన మెమ్రిస్టర్ దగ్గరికే అవి ఇప్పుడు తమ గుణంతో తిరిగివచ్చాయి. కృత్రిమ మేధకు కావలసిన మాత్రికల గుణకారాలను మెమరీలోనే చేయగలగడం దీని ఆకర్షణ. అల్బెర్టా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మెక్‌క్రీరీ కార్బన్ కాంటాక్టులతో చేసిన అణుసంధులు గిటారు ధ్వనిని వక్రీకరించే పరికరంలోకి చేరాయి. చిన్న విషయమే, కానీ అమ్మగలిగిన వస్తువు. కార్బన్ కాంటాక్టు అణువును గట్టి సమయోజనీయ బంధంతో పట్టుకుంటుంది, బంగారంలా జారదు.

జీవులు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. జియోబాక్టర్ అనే మట్టి బ్యాక్టీరియా తన ఎలక్ట్రాన్లను మైక్రోమీటర్ల దూరం పంపే పోగులను పెంచుతుంది. 2019లో యేల్‌లో నిఖిల్ మల్వాంకర్, వర్జీనియాలో ఎడ్వర్డ్ ఈగల్‌మాన్ తదితరులు ఆ పోగుల్లో ఒక రకం ఇనుమున్న హీమ్ అణువుల వరుసను మోసే ప్రోటీన్ అని చిత్రించి చూపారు. ఇంత దూరం ఇంత సులువుగా ఎలక్ట్రాన్లు ఎలా పోతున్నాయన్నది 4 నానోమీటర్ల గెంతుడు లెక్కకు ఇంకా పూర్తిగా లొంగలేదు.

లొంగనిది ఇంకొకటి ఉంది, ఈ రంగంలోకి ఇప్పుడు వచ్చే విద్యార్థికి నేను మొదట చూపేది అదే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో రాన్ నామన్ 1999 నుంచి చేస్తున్న ప్రయోగాల్లో, కుడి మెలికో ఎడమ మెలికో ఉన్న అణువుల గుండా పోయే ఎలక్ట్రాన్లలో ఒక స్పిన్ ఉన్నవి ఎక్కువగా దాటుతున్నాయి. డీఎన్‌ఏ పొరలోనూ 2011లో అదే కనిపించింది. అణువులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ వంటి తేలిక పరమాణువులు. వాటిలో స్పిన్‌ను కదలికతో ముడిపెట్టే బలం చాలా తక్కువ. ఆ బలంతో లెక్క కడితే వచ్చే ప్రభావం కొలతలో కనిపించేదానికన్నా ఎన్నో రెట్లు చిన్నది. మిగతాది ఎక్కడి నుంచి వస్తోంది? అణువు కంపనాల నుంచా, ఎలక్ట్రాన్ల పరస్పర చర్య నుంచా, లేక బరువైన పరమాణువులున్న బంగారు కాంటాక్టు నుంచా? మూడు పక్షాలకూ గట్టి సమర్థకులున్నారు. కాంటాక్టు పక్షం నిజమైతే బంగారం తీసేసి తేలిక లోహం పెట్టినప్పుడు ప్రభావం బాగా తగ్గాలి. అలాంటి కొలతలు జరుగుతున్నాయి, ఫలితాలు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు.